శివారుకు జవాబు

కొబ్బరిచెట్టు ఒక్కరోజులో చావదు. ముందు కింది మట్టలు వేలాడతాయి. పిందె రాలుతుంది, నిలిచిన కాయ చిన్నదవుతుంది. మొవ్వు ఎండుతుంది. ఆఖరికి తల ఊడిపోయి కరెంటు స్తంభం లాంటి మొండెం ఒకటి మిగులుతుంది. కోనసీమలో మలికిపురం మండలం కేశనపల్లి, శంకరగుప్తం వైపు వెళ్తే ఇలాంటి మొండేలు తోటలు తోటలుగా కనిపిస్తాయి. శంకరగుప్తం డ్రెయిన్ గుండా సముద్రపు పోటు నీరు పైకెక్కి, తోటల్లో నిలిచి, వేళ్లని చంపేసింది. 2025 నవంబరులో ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కేశనపల్లి వచ్చి ఆ తోటలు చూశారు. ఆ సందర్భంలో దిష్టి అన్న మాటొకటి దొర్లింది. తర్వాత కొన్నాళ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లో చర్చంతా దిష్టి గురించే. ఉప్పు గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

నాకు ఆసక్తి కలిగించింది ఇంకో సంగతి. పవన్ కల్యాణ్ చేతిలో ఉన్న శాఖల్లో పంచాయతీరాజ్ ఉంది, పర్యావరణమూ అడవులూ ఉన్నాయి. ఊరి ప్రభుత్వమూ వాతావరణ మార్పూ ఒకే బల్ల మీదకి వచ్చే ఏర్పాటన్నమాట. అయినా డ్రెయిన్ ఆ బల్ల మీద లేదు, అది జలవనరుల శాఖది. సముద్రం ఏ శాఖదీ కాదు. మరి తోట పోయిన మనిషి పొద్దున్నే లేచి ఎవరి గుమ్మం ముందు నిలబడతాడు? సర్పంచి గుమ్మం ముందే. ఎందుకంటే ఆ గుమ్మం నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉంది.

సర్పంచికి అధికారం ఉందా అంటే, కాగితం మీద ఉంది. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దాంతో వచ్చిన పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగ్గవిగా 29 విషయాలు రాశారు. చిన్న నీటిపారుదల, నీటి యాజమాన్యం అందులో మూడోది. సామాజిక అడవులు కూడా ఉన్నాయి. డబ్బు, సిబ్బంది విషయానికొస్తే వేరే కథ. 2021లో మన రాష్ట్రంలో ఆర్థిక సంఘం నిధుల్ని పంచాయతీల కరెంటు బకాయిల కింద సర్దేశారని సర్పంచులు రోడ్డెక్కారు. కరెంటు బిల్లుకే చాలని ఖాతాతో సముద్రాన్ని ఏం చేస్తారు?

ఇక్కడే ఒక పాత తత్వశాస్త్రపు సూత్రం పనికొచ్చేలా కనబడుతుంది. చేయగలిగితేనే చేయాలి అన్న మాటకి అర్థం ఉంటుంది అని కాంట్ పేరు మీద చెప్తుంటారు. చేతకాని పని చేయలేదని ఎవర్నీ తప్పుపట్టలేం. ఇంకో అడుగు ముందుకేసి వాల్టర్ సినాట్-ఆర్మ్‌స్ట్రాంగ్ అనే అమెరికన్ తత్వవేత్త 2005లో ఒక వ్యాసం రాశాడు. ఆదివారం పూట సరదాకి నేను పెట్రోలు తాగే పెద్ద కారులో షికారు వెళ్తే దానివల్ల భూమి వేడెక్కదు. నేను వెళ్లకపోతే చల్లబడదు. అలాంటప్పుడు ఆ షికారు తప్పని ఏ నైతిక సూత్రంతో నిరూపిస్తారు అని అడిగాడు. ఒక్కో సూత్రమే తీసుకుని, ఇది సరిపోదు, ఇదీ సరిపోదు అంటూ పోయాడు. ఆయన చివరికి తేల్చింది ప్రభుత్వాలు పూనుకోవాలని. మంచిదే. కానీ మూడు వేల ఓట్ల పంచాయతీ కూడా ప్రభుత్వమే కదా. ఆ ప్రభుత్వం కూడా అదే కారులో కూర్చుని అదే మాట అనగలదు: మా ఊరివల్ల సముద్రం పెరగలేదు, మేం మానేస్తే తగ్గదు.

డెల్టాలో పుట్టినవాడికి ఈ తర్కం వినగానే ఎక్కడో విన్నట్టుంటుంది. డ్రెయిన్ గట్టు మీద విన్న తర్కమే ఇది. నేనొక్కడినీ రెండు గజాలు లోపలికి జరిగి చేపల చెరువు గట్టు వేసుకుంటే డ్రెయిన్ పూడిపోతుందా? నేనొక్కడినీ వల అడ్డం కట్టుకుంటే నీళ్లాగిపోతాయా? నేనొక్కడినీ గుర్రపుడెక్క తీయకపోతే ఏమైంది? ఒక్కొక్కళ్లదీ నిజమే. ఏ ఒక్కరి రెండు గజాలూ ఊరిని ముంచవు. అక్టోబరులో తుపాను వచ్చి, కోతకొచ్చిన సార్వా చేలో నడుంలోతు నీళ్లు వారం రోజులు కదలకుండా నిలబడ్డప్పుడు మాత్రం ఆ నీళ్లు ఎవరివల్ల నిలబడ్డాయో అందరికీ తెలుసు. తెలిసి, ఎవరూ ఎవర్నీ అనరు. అందువల్ల ‘చిన్నవాళ్లం, మా వాటా ఎంత’ అన్న ప్రశ్న మనకు కొత్తది కాదు. దానికి జవాబు మన నేలలోనే ఉంది: వాటా చిన్నదైనంత మాత్రాన అది వాటా కాకుండా పోదు, ఎందుకంటే నీళ్లు కిందకి వెళ్లాలి, కింద ఇంకొకళ్లు ఉన్నారు.

కింద ఇంకొకళ్లు ఉన్నారు అన్న ఈ సంగతే నాకు అసలు ప్రశ్నగా కనిపిస్తుంది. వాతావరణ మార్పు గురించి స్థానిక ప్రభుత్వం ఏం చేయగలదు అని సెమినార్లలో అడుగుతుంటారు. గోదావరి డెల్టాలో అడగాల్సింది, స్థానికం అంటే ఎవరు అని. ఊరి ప్రభుత్వం ఎవరికి జవాబు చెప్పాలి? తనకి ఓటేసినవాళ్లకా, తన నీళ్లు ఎవరి మీదకి వెళ్తాయో వాళ్లకా?

మన దగ్గర దీనికి మంచి మాటలున్నాయి. ఎగువ, దిగువ, శివారు. కాలువ తల దగ్గరున్న చేనుకి నీళ్లు ముందొస్తాయి. శివారు చేనుకి మిగిలితే వస్తాయి. మురుగు విషయంలో తల్లకిందులు: ఎగువ చేను నీళ్లు వదిలేసుకుంటుంది, శివారు చేను మునుగుతుంది. ఎండాకాలం దాహం, వానాకాలం వరద, రెండూ శివారువే. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచీ డెల్టా నైతిక చరిత్ర అంతా ఈ మూడు మాటల మధ్యే నడిచిందంటే అతిశయోక్తి కాదు. కాటన్‌కి పూలదండలేసే మనం ఆ చరిత్రలో ఈ భాగాన్ని పెద్దగా చెప్పుకోం.

ఇంకొంచెం పైనుంచి చూస్తే డెల్టా మొత్తం ఒక శివారే. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కాకాని నాగేశ్వరరావు, ఆయన సహ పరిశోధకులు 2010లో ప్రచురించిన లెక్క ఒకటుంది. గోదావరి డెల్టాకి నదితో పాటు వచ్చే ఒండ్రు 1970–79 మధ్య సుమారు 15 కోట్ల టన్నులుంటే, 2000–2006 నాటికి సుమారు 5.7 కోట్ల టన్నులకి పడిపోయింది. మూడింట రెండొంతుల దాకా పోయింది. మహారాష్ట్ర, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల్లోని పరీవాహకంలో కట్టిన ఆనకట్టలు ఆ మట్టిని పట్టి ఉంచుతున్నాయి. డెల్టా అంటే నది తెచ్చి పోసిన మట్టే. పోసేవాడు చెయ్యి బిగబడితే సముద్రం తీసుకోవడం మానదు. దానికి తోడు సముద్రమే పెరుగుతోంది. ఆ పెరుగుదలకి కారణమైన పొగలో చాలా భాగం మనకంటే ఎంతో ముందు బొగ్గు తవ్వుకున్న దేశాలది. ఏదో ఒక దేశంలో ఎప్పుడో వెలిగిన కొలిమి ఇవాళ కేశనపల్లి కొబ్బరితోటకి ఎగువ. ప్రపంచ సదస్సుల్లో భారతదేశం అడిగేదీ, చిన్న ద్వీప దేశాలు అడిగేదీ ఇదే: ఎగువ వాళ్లు శివారుకి జవాబు చెప్పాలి.

అది న్యాయమైన డిమాండు. కానీ అదే మాట మన గట్టు దిగి అడిగితే?

2022 వేసవిలో కోనసీమ మూడు నెలల్లో మూడు వార్తలైంది. మేలో కొత్త జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. జూన్‌లో రైతులు పంట విరామం ప్రకటించారు. 2011లోనూ ఇక్కడ పెద్దఎత్తున పంట విరామం జరిగింది, అప్పుడూ ఇప్పుడూ కారణాల్లో మురుగు దిగకపోవడం ఒకటి. జులైలో వరద. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక 17 లక్షల దగ్గరే ఎగరేస్తారు. 1986 ఆగస్టులో 35 లక్షలు దాటింది కాబట్టి పెద్దవాళ్లు దీన్ని రెండో రకం వరద కింద లెక్కేశారు గానీ, జులై నెలలో అంత నీళ్లు చూడటం వాళ్లకీ కొత్తే. రాత్రులు జనం గట్ల మీద కాపలా కాశారు. ఇసుక బస్తాలు మోశారు. గట్టు నిలబడింది, ఊరు బతికింది అన్నారు.

ఏ ఊరు? గట్టుకి లోపలున్న ఊరు. గట్టుకి నది వైపున లంకలున్నాయి, అక్కడా ఊళ్లే ఉన్నాయి, పంచాయతీలు ఉన్నాయి, బళ్లున్నాయి. 1986 తర్వాత ఒకసారి, 2006 వరద తర్వాత మరోసారి గట్లు ఎత్తు చేసే పనులు నడిచాయి. గట్టు ఎత్తు పెరిగితే లోపలి ఊరికి భద్రత పెరుగుతుంది. నీళ్లు మాత్రం తగ్గవు కదా. రెండు గట్ల మధ్య ఇరుక్కుని మరింత ఎత్తున లేస్తాయి. లేచేది లంక ఊరి మీదే. ప్రతి గట్టూ ఎవరు లోపల, ఎవరు బయట అన్న తీర్పు. వాతావరణ మార్పుకి సర్దుకుపోవడం అని ఇంగ్లిషు నివేదికల్లో అనువుగా రాసేది డెల్టాలో మాత్రం ఎప్పుడూ ఇలాంటి తీర్పుగానే వస్తుంది. తీర్పు చెప్పినవాడు గట్టు లోపలే ఉంటాడు.

సరిహద్దులు కూడా విచిత్రంగా ఉంటాయి. కనకాయలంక పశ్చిమ గోదావరి జిల్లా యలమంచిలి మండలంలో ఉంది. ఊరికి దారి మాత్రం కోనసీమ జిల్లా చాకలిపాలెం వైపు నుంచి, ఒక కాజ్‌వే మీదుగా. గోదావరి కాస్త పెరిగితే చాలు, ఆ కాజ్‌వే మునిగిపోతుంది, జనం పడవలెక్కుతారు. ఆ ఊరి ఓటు ఒక జిల్లాలో, బతుకు దారి ఇంకో జిల్లాలో. ఆ ఊరికి ‘స్థానిక’ ప్రభుత్వం ఏది?

మా వైపు రెండుసార్లు సర్పంచిగా చేసిన ఒకాయనతో ఈ సంగతే మాట్లాడాను. బంధుత్వం దగ్గరది కాకపోయినా బాబాయ్ అనే పిలుస్తాను. ఊరి పంట కాలువలో, బోదెల్లో పూడిక బాగా తీయించిన మనిషని పేరు.

“బోదె తీయించినప్పుడు ఆ నీళ్లన్నీ కింద ఊరి మీదకి పోతాయని తెలీదాండీ బాబాయ్?” అన్నాను.

“తెలవకపోడమేంట్రా అబ్బాయ్, బాగా తెలుసు. వాళ్ల పైవోళ్లు మనమే కదా. మన పైవోళ్లు మనకి చెప్పి తీశారేంటి?”

“కనీసం కబురు పెట్టొచ్చు కదండీ.”

“పెట్టి? ‘తియ్యొద్దు’ అంటారు. అప్పుడు మనోళ్లకి నేనేం చెప్పాలి? కింద ఊరోడు నాకు ఓటేస్తాడేంట్రా? మన చేలో నీళ్లుండిపోతే మాత్రం మనోళ్లు నన్ను కాలరట్టుకుంటారు. ఆయ్.”

ఈ జవాబుని తేలిగ్గా తీసిపారేయకూడదు. ఇది స్వార్థపరుడి మాట కాదు. తనకి అప్పగించిన పనిని నమ్మకంగా చేసినవాడి మాట. ప్రజాప్రతినిధి ధర్మకర్త లాంటివాడు. గుడి భూములు చూసే ధర్మకర్త ఎంత దయగలవాడైనా ఆ భూముల్ని దానం చేయడానికి వీల్లేదు, అవి అతనివి కావు. అలాగే ఊరి పంటని పక్క ఊరికోసం త్యాగం చేసే హక్కు సర్పంచికి లేదు. నా పొలం నేను ముంచుకోవచ్చు, నీ పొలం నేనెలా ముంచుతాను? దేశాలకీ ఇదే వర్తిస్తుంది. మా ఓటర్లు ఒప్పుకోరు అని పెద్ద దేశాల అధ్యక్షులు చెప్పేది మా బాబాయ్ మాటకి ఇంగ్లిషు అనువాదం, ‘ఆయ్’ ఒక్కటే లేదు.

అయితే ఈ వాదంలో ఒక మెలిక ఉందని నాకనిపిస్తుంది. త్యాగం చేయకపోవడమూ, హానిని అవతలికి నెట్టడమూ ఒకటి కావు. ధర్మకర్త గుడి భూమిని దానం ఇవ్వకూడదు, నిజమే. అలాగని గుడి చెత్తని పక్కింటి పెరట్లో పోయించే అధికారం కూడా అతనికి లేదు. ఎందుకంటే ఆ అధికారం గుడికే లేదు. నాకు లేని హక్కుని నేను ఎవరికీ అప్పగించలేను. మూడు వేలమంది కలిసి ఓటేసినా, ఆ మూడు వేలమందిలో ఏ ఒక్కరికీ లేని హక్కు, అంటే పక్కవాడి చేను ముంచే హక్కు, సర్పంచికి ఎక్కణ్నుంచి వస్తుంది? నా నీళ్లు వదులుకునే హక్కు నాకుంది, అవి ఎక్కడ పడతాయో చూసే పూచీతో పాటు. ఆ పూచీని ఇంట్లో పెట్టి హక్కుని మాత్రం ఓటుతో పంపలేం.

ఇలా అంటే ఇంకో ప్రశ్న ఎదురవుతుంది, ఇది నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. మన డ్రెయిన్ల దగ్గర మనమే అన్యాయం చేసుకుంటుంటే, పొగ వదిలిన దేశాల్ని, మట్టి బిగబట్టిన ఎగువ ఆనకట్టల్ని అడిగే హక్కు మనకుంటుందా? ఉంటుంది. మన చేతులు శుభ్రంగా లేనంత మాత్రాన అవతలివాడి బాకీ రద్దు కాదు. ‘మీ ఊళ్లో ఆక్రమణలు తీయండి, తర్వాత సముద్రం గురించి మాట్లాడదాం’ అనేవాళ్లు సాధారణంగా ఎగువ కూర్చున్నవాళ్లే, వాళ్లకి ఆ మాట సుఖం. నేను కింద ఊరి గురించి మాట్లాడేది ప్రపంచం ముందు మన మాట చెల్లడానికి కాదు. కింద ఊరు ఉంది కాబట్టి.

ఇక్కడ ఒక ప్రమాదాన్ని కూడా చెప్పాలి. ఊరంతా కలిసి గట్టు కాయాలి, ఊరంతా కలిసి పూడిక తీయాలి అన్న మాట వినడానికి బాగుంటుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో ఒక చట్టమే చేశారు: వరద ముంచుకొచ్చినప్పుడు గట్లు కాపాడటానికి జనం చేత నిర్బంధంగా పని చేయించొచ్చు, కాలువల మీద ఆనవాయితీగా చేసే చాకిరీని బలవంతంగా అమలు చేయొచ్చు అని. గోదావరి జిల్లా కూడా ఆ ప్రెసిడెన్సీలోదే. ‘ఊరంతా’ అన్నప్పుడు తట్ట ఎవరి నెత్తి మీద ఉంటుందో, గట్టు మీద గొడుగేసుకుని ఎవరు నిలబడతారో ఊళ్లో పుట్టినవాళ్లకి చెప్పనక్కర్లేదు. ఇప్పటికీ అంతే. చాలా ఊళ్లలో దళితుల పేట పల్లంలో, మురుగు కాలువ పక్కన ఉంటుంది. ఊళ్లోనే ఒక శివారు. డ్రెయిన్ ఆక్రమణలు తొలగిస్తామని జేసీబీ వస్తే మొదట కనిపించేది గట్టు మీది గుడిసె. ఎకరాల కొద్దీ లోపలికి జరిగిన చేపల చెరువు గట్టు జేసీబీ డ్రైవరుకి చాలాసార్లు కనిపించదు. వాతావరణం పేరుతో ఊరి ప్రభుత్వాలకి బలం పెరగాలి అనేవాళ్లు, నేనూ వాళ్లలో ఒకణ్నే, ఆ బలం మొదట ఎవరి మీద పడుతుందో చూసి మాట్లాడాలి.

పంచాయతీలు వాతావరణం కోసం ఏమీ చేయలేవని కాదు. కేరళలో వయనాడు జిల్లా మీనంగాడి పంచాయతీ 2016లో తమ ఊరిని కార్బన్ న్యూట్రల్ చేస్తామని పూనుకుంది. ఊళ్లో పొగ ఎంతో, చెట్లు ఎంత పీలుస్తాయో లెక్కలేశారు, చెట్టు నాటి కాపాడిన రైతుకి అప్పు ఇచ్చే పథకం పెట్టారు. నాకు ఆ ఊరంటే గౌరవం. 2024 జులై 30న అదే జిల్లా మెప్పాడి పంచాయతీలో కొండ విరిగిపడి ముండక్కై, చూరల్‌మల ఊళ్లు కొట్టుకుపోయాయి, వందలమంది చనిపోయారు. మీనంగాడి లెక్కలు మెప్పాడిని కాపాడలేదు, అది మీనంగాడి తప్పూ కాదు. ఊరి లెక్క ఊరిలోపలే తేలిపోయేలా వేసుకుంటే, అది ఎంత నిజాయితీగా ఉన్నా, పక్క ఊరు అందులోకి రాదు అన్నదొక్కటే నేను చెప్పేది.

లెక్కలోకి పక్క ఊరు వచ్చేలాంటి పని మన దగ్గరే ఒకటుంది. వరి చేలో ఎప్పుడూ నీళ్లు నిలబెడితే మీథేన్ వస్తుంది. భూమిని వేడెక్కించడంలో డెల్టాకి ఉన్న సొంత వాటా ఇదే. చేను మధ్యమధ్యలో ఆరనిచ్చి మళ్లీ తడిపితే నీళ్లు 30 శాతం వరకు ఆదా అవుతాయని, మీథేన్ దాదాపు సగం తగ్గుతుందని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చెప్తోంది. సార్వాలో ఇది మన చేతిలో ఉండదు, వానే నిలబెడుతుంది. దాళ్వాలో ఉంటుంది. నీళ్లు తక్కువైన సంవత్సరాల్లో వంతులవారీ ఎలాగూ పెడుతున్నారు. తల దగ్గర చేను నాలుగు రోజులు ఆరితే ఆ నాలుగు రోజుల నీళ్లు శివారుకి వెళ్తాయి. ఆకాశానికి చేసే మేలూ, శివారుకి చేసే న్యాయమూ ఒకే తూము దగ్గర కలిసే చోటిది. కలవని చోట్లే ఎక్కువనుకోండి.

రాజమండ్రిని కూడా వదలకూడదు. నగరం మురుగు నల్లా ఛానల్ లాంటి కాలువల గుండా గోదావరిలో కలుస్తుంది. ఆ కింద ధవళేశ్వరం. అక్కణ్నుంచి కాలువలు. ఆ కాలువల నీళ్లే డెల్టా ఊళ్ల మంచినీళ్ల చెరువుల్లోకి ఎక్కుతాయి. 2027లో పుష్కరాలొస్తున్నాయి, ఘాట్లకి డబ్బొస్తుంది, మంచిదే. నగరపాలక సంస్థ ఎన్నికల్లో కోనసీమ చెరువు నీళ్లు తాగే మనిషికి ఓటు లేదు. ఉండి ఉంటే ఘాటుకి ముందు మురుగు శుద్ధి గురించి ఎవరో ఒకరు మైకులో చెప్పేవారు.

డెల్టా దేశమైన నెదర్లాండ్స్ దీనికి ఒక ఉపాయం చేసింది. అక్కడ 13వ శతాబ్దం నుంచీ నీటి బోర్డులున్నాయి, ఇప్పుడు 21. వాటి సరిహద్దులు ఊళ్ల సరిహద్దులు కావు, నీళ్ల సరిహద్దులు. ఏ నేల మురుగు ఎటు దిగుతుందో దాన్ని బట్టి గీసినవి. వాటికి సొంత ఎన్నికలు, సొంత పన్ను. మన దగ్గర 1997లో చట్టం చేసి సాగునీటి సంఘాలు పెట్టారు, 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు కూడా జరిపారు. ఆలోచన దగ్గరిదే. కానీ ఇవి నీళ్లు తెచ్చే కాలువ చుట్టూ అల్లిన సంఘాలు, నీళ్లు తీసుకుపోయే డ్రెయిన్ చుట్టూ అల్లినవి కావు. ఓటు ఆయకట్టు రికార్డులో పేరున్నవాళ్లది. డెల్టాలో చేను దున్నేది ఎక్కువగా కౌలురైతు. రికార్డులో ఉండేది హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉన్న భూస్వామి. డ్రెయిన్ చివర వల వేసుకునే మత్స్యకారుడి పేరు ఏ రికార్డులోనూ లేదు. లంకవాళ్లదీ లేదు.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. రికార్డన్నారు. ఉపాధి హామీ కింద చేయాల్సిన పనుల జాబితాలు చదివి, చేతులెత్తించి తీర్మానాలు చేశారు. ఆ జాబితాల్లో పూడికతీతలు కూడా ఉన్నాయి. నాకున్న కోరిక పెద్దదేం కాదు. నీళ్లకి సంబంధించిన ఏ పనికైనా తీర్మానం రాసేటప్పుడు ఒక వాక్యం చేర్చాలి: ఈ నీళ్లు ఏ ఊరి మీదకి వెళ్తాయి, ఆ ఊరివాళ్లు ఏమన్నారు. వాళ్లు వద్దంటే పని ఆగాలని కాదు. వాళ్లు వద్దన్నారన్న సంగతి మన మినిట్స్ పుస్తకంలో, మన సంతకాల పైన ఉండాలి. తెలియక జరిగింది అనే వీలు అప్పుడుండదు. మా బాబాయ్‌కి ఇది చెప్తే, “పుస్తకంలో రాస్తే కోర్టుకెళ్తార్రా” అన్నాడు. అవును, వెళ్లొచ్చు. అందుకే రాయాలంటున్నాను.

దీంతో కేశనపల్లి లాంటి చోట సమస్య తీరదు. అక్కడ చిక్కు ఇంకా సూటిగా ఉంది. సముద్రంలో కలిసే డ్రెయిన్‌ని లోతు చేస్తే పైవాళ్ల మురుగు త్వరగా దిగుతుంది. అదే లోతులో, పోటు వేళ సముద్రం కూడా అంతే త్వరగా పైకెక్కుతుంది. పూడ్చి ఉంచితే పై ఊళ్ల వరి మునుగుతుంది, తవ్వితే కింద ఊళ్ల కొబ్బరి చస్తుంది. సముద్రమట్టం పెరిగే కొద్దీ పోటుకీ పాటుకీ మధ్య మురుగు దిగే వ్యవధి తగ్గిపోతుంది. మధ్యలో చేయగలిగింది, కలిసే చోట తలుపులు పెట్టి, పోటు వేళ మూసి, పాటు వేళ తెరవడం. షట్టరు కట్టడం ఒకసారి అయ్యే ఖర్చు, ఎవరో మంత్రి శంకుస్థాపన చేస్తారు. ఆ షట్టరు దగ్గర రోజుకి రెండు పోట్లకీ, అర్ధరాత్రయినా, అమావాస్యయినా, ఒక మనిషి ఉండాలి. పూర్వం లస్కర్లు ఉండేవారు. ఇప్పుడు చాలాచోట్ల ఆ పోస్టులు ఖాళీ. తుప్పుపట్టి సగంలో బిగుసుకుపోయిన తలుపులు డెల్టా అంతా కనిపిస్తాయి.

ఆ మనిషి జీతం ఎవరివ్వాలి? అతను నిద్రపోతే నష్టపోయేది శివారు ఊరు. అతను ఉండాల్సి వచ్చిందే పై ఊళ్ల మురుగు కోసం. 1960ల చివర్లో డెల్టాలో డ్రైనేజీ సెస్సుకి ఒక చట్టం తెచ్చారు, మురుగు దిగే నేలలన్నీ ఎకరానికింత చెల్లించాలని. ఆ లెక్కన ఆ డ్రెయిన్‌లోకి నీళ్లు వదిలే ప్రతి పంచాయతీ ఎకరాల వాటా ప్రకారం లస్కరు జీతం పంచుకోవాలి. ఊరికి నెలకి కొన్ని వందల రూపాయలు పడుతుందేమో. మా బాబాయ్ కాసేపు వేళ్ల మీద లెక్కేసుకుని, డబ్బు పెద్ద ఇబ్బంది కాదన్నాడు. “కానీ మా జీతం తినేవోడు షట్టరు దగ్గర ఎవరి మాట వినాలి, అది తేల్చు ముందు” అన్నాడు.